ఆటలోకి వెళ్లిన కొమురమ్మ ముఖం

2022 డిసెంబరులో ఒక సోమవారం, ఉదయం తొమ్మిదింపావుకు నేను జనగామలో మా ఫోటో స్టూడియో షట్టర్ ఎత్తి, కౌంటర్ అద్దం తుడుస్తున్నాను. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా అదే స్టూడియో, అదే అద్దం. అంతకు ముందు ఏడాది నా భార్య విజయ చనిపోయింది. కౌంటర్ ఆమె చూసుకునేది. ఆమె పోయాక పెళ్లి ఆర్డర్లు తగ్గించుకుని పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషన్ వంటి చిన్న పనులతో గడుపుతున్నాను. వాటిలో మాట్లాడే అవసరం తక్కువ.

అప్పుడే ఒకామె లోపలికి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. పేరు మేఘన. హైదరాబాదులో వీడియో గేములు తయారు చేసే ఒక కంపెనీలో క్యారెక్టర్ ఆర్టిస్టునని చెప్పింది. అంటే ఆటలో కనిపించే మనుషుల ముఖాలు, చర్మం, జుట్టు తయారు చేసే పని. వాళ్లు చేస్తున్న ఆట పాతకాలపు దక్కనులో జరుగుతుంది. ఒక వార్తాహరుడు ఊరూరూ తిరుగుతూ కోటకు కబురు చేరవేయాలి. ఆ ఊళ్లలో ఉండే మనుషుల కోసం వాళ్లకు నిజమైన ముఖాలు కావాలి. నేను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పెళ్లిళ్లు తీశాను కాబట్టి, నేను పిలిస్తే మనుషులు ఫోటోలకు కూర్చుంటారని ఎవరో చెప్పారట.

"ఇక్కడి ముఖాలే ఎందుకు?" అని అడిగాను.

ఆమె ట్యాబ్‌లో వాళ్ల పాత నమూనా చూపించింది. సంతలో ఇరవై మంది నడుస్తున్నారు. ముక్కులు, దవడలు చూస్తే మన మనుషులు కాదని తెలిసిపోతోంది. విదేశీ కంపెనీలు అమ్మే రెడీమేడ్ ముఖాలు కొని, పైన గోధుమ రంగు పూశారు. ఇరవై మందికీ ఒకటే రంగు.

"నేను చిన్నప్పటి నుంచి గేములు ఆడుతున్నాను సార్. నా రంగు మనిషి తెరమీద కనిపించాడంటే వాణ్ని నేను కాల్చాలని అర్థం. అది మార్చాలని ఉంది" అంది.

మాట బాగుంది. బాగున్న మాట వినగానే వెనక ఏముందో చూడాలనిపించడం నా అలవాటు. పెళ్లివాళ్లతో, ఎన్నికలప్పుడు ఫ్లెక్సీలు వేయించేవాళ్లతో పనిచేసిన మనిషికి ఆ అలవాటు రాకుండా ఉండదు. కాగితం అడిగాను. రిలీజ్ ఫారం ఇచ్చింది. తన ముఖాన్ని వాడుకోవడానికి మనిషి ఇచ్చే అనుమతి పత్రం అది. ఇంగ్లీషులో మూడు పేజీలు. రెండుసార్లు చదివాను. 'ఏ పాత్రకైనా' అన్న మాట దగ్గర ఆగాను.

"ఏ పాత్రకైనా అంటే? దొంగకైనా?"

"ఇంకా డిసైడ్ చేయలేదు సార్."

"మరి డిసైడ్ చేసిన పాత్ర ఏమైనా ఉందా?"

ట్యాబ్ మూసి చెప్పింది. "హీరో ఒక్కడే. ఆ ముఖం మోడల్‌ది. హైదరాబాదులో తీసేశాం."

నా అనుమానం అక్కడ గట్టిపడింది. అయినా ఒప్పుకున్నాను. రోజూ అద్దం తుడిచి కూర్చోవడం కంటే నయమనుకున్నాను.

మొదట నర్సింహులపేటలో రెండు రోజులు తీశాం. మేఘన తెచ్చిన లైట్ల మీద, లెన్సు మీద పోలరైజర్ ఫిల్టర్లు పెట్టాం. దానితో చర్మం మీద మెరుపు పోయి అసలు రంగు మాత్రమే కెమెరాకు అందుతుంది. ప్రతి మనిషికీ మొదటి ఫోటోలో గడ్డం కింద కలర్ చెకర్ పట్టుకోమనేవాళ్లం. ఇరవై నాలుగు రంగు గడులున్న అట్ట అది. మొదటి గడి ముదురు చర్మం రంగు, రెండోది లేత చర్మం రంగు, చివరి వరస తెలుపు నుంచి నలుపు దాకా. కంప్యూటర్లో రంగు నిజంగా వచ్చిందో లేదో ఆ గడులను చూసి చెప్పవచ్చు.

నర్సింహులపేటలో ఎవరూ పెద్దగా అడగలేదు. మొగుళ్లపల్లిలో అడిగారు. అక్కడ పత్తి ఏరే ముఠాకు పెద్ద కొమురమ్మ. యాభై ఐదేళ్లుంటాయి. నాలుగేళ్ల కింద ఆమె బిడ్డ పెళ్లి నేనే తీశాను. బాగా నలుపు మనిషి. ఎడమ కంటి కింద పుట్టుమచ్చ. ఆమె కూర్చుంటే ముఠా అంతా కూర్చుంటుంది. ఆమె కూర్చోలేదు.

"గీ కాయితమేంది తమ్మీ? భూమి కాయితమా? ఏలుముద్ర అడుగుతుండ్రంటే ఏదో ఉన్నదన్నట్టే."

"భూమి కాదక్కా. నీ మొఖం ఆటల పెట్టుకుంటరట. ఫోన్ల ఆడుతరు గద, గసొంటి ఆట."

"మా అల్లుడు ఆడుతడు. పొద్దందాక కాల్చుడే. ఎవలు కనవడితె వాన్ని కాల్చుడు." ఆమె మేఘన వైపు తిరిగింది. "ఏం బిడ్డా, నన్ను గూడ కాల్పిస్తవా?"

"లేదు పెద్దమ్మా, మాది అట్లాంటి గేమ్ కాదు."

"కత్తులున్నయా?"

మేఘన నిజం చెప్పింది. "ఉన్నాయి."

పక్కన ఉన్న సరోజన నవ్వింది. ముఠాలో ఆమె నోరే పెద్దది. "నిన్ను సంపాలంటె కత్తి ఏడ సరిపోతదక్కా, గొడ్డలి పెట్టమను."

"నువ్వు ఊకోయే" అని కొమురమ్మ మళ్లీ మేఘనను చూసింది. "నన్ను ఎవ్వడు సంపొద్దు. నేను దొంగను గావొద్దు, దయ్యం గావొద్దు. ఇంగోటి, సూస్తే మా బిడ్డ నన్ను గుర్తువట్టాలె. గట్లయితేనే కూసుంట."

ఫారం వెనక ఆ మూడు షరతులూ నేనే తెలుగులో రాశాను. మేఘన కింద సంతకం చేసింది. కొమురమ్మ వేలిముద్ర వేయలేదు. వయోజన విద్యలో నేర్చుకున్న సంతకం నిదానంగా పెట్టింది. ఆ తర్వాత ముఠాలో పద్నాలుగు మంది కూర్చున్నారు. లైట్ల కింద కొమురమ్మ చెమట తుడుచుకోలేదు, నవ్వలేదు. ఫోటో తీసిన ప్రతిసారీ నన్నే చూసింది. ఆ చూపులో నమ్మకం లేదు. సంతకం చేసిన తర్వాత కూడా లేదు.

పని నా స్టూడియోలోనే పూర్తి చేశాను. కెమెరా నుంచి వచ్చే మూల ప్రతిని రా ఫైల్ అంటారు. చాలా పెద్దది. మా దగ్గరి ఇంటర్‌నెట్‌తో అన్నిటినీ పంపడం కష్టం. అందుకని చెకర్ అట్ట మీది బూడిద రంగు గడి సరిచూసి, రంగు సరిచేసి, మామూలు ఫైళ్లుగా మార్చి పంపాను. ఒక్కో ముఖాన్నీ తెరమీద పెద్దది చేసి చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయనిపించింది. జనవరి చివర పెళ్లిళ్లు మొదలవడంతో, పంపేసిన పని తుడిచి హార్డ్ డిస్కులు ఖాళీ చేశాను. పని అప్పజెప్పాక డిస్కు తుడవడం స్టూడియోలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి.

ఏప్రిల్‌లో మేఘన నా ఫోనుకు ఒక చిన్న వీడియో పంపింది. ఆటలో కొమురమ్మ కదులుతోంది. మూడు దారుల కూడలిలో ఒక సుంకపు చావడి. దాని ముందు కూర్చుని ఉంది. వార్తాహరుడు ఆమెను దారి అడగాలి. అడగకపోతే ఆట ముందుకు పోదు. పాత్ర మంచిదే. చూసి సంతోషించాను. వెంటనే చూపించాలనిపించి ఆ ఆదివారం మొగుళ్లపల్లి వెళ్లాను.

కొమురమ్మ ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. దూరంగా పెట్టి చూసింది.

"ఎవలీమె?"

"నువ్వే అక్కా."

"నేనేంది? నేను గిట్లున్ననా? సరోజనా, ఇటు రాయే."

సరోజన వచ్చి చూసింది. "పట్నం పోయి పౌడర్ గొట్టుకున్నవా అక్కా? మచ్చ ఏడవాయె?"

కొమురమ్మ నవ్వలేదు. ఆ వీడియోను నా ఫోను నుంచే బిడ్డకు పంపించింది. బిడ్డ పరకాలలో ఉంటుంది. వెంటనే ఫోన్ చేసింది. స్పీకర్లో అందరికీ వినబడింది. "అమ్మా, ఎవలామె? మనకేమైతది?"

కొమురమ్మ ఫోను నా చేతికి ఇచ్చేసింది. "మాట తప్పిండ్రు తమ్మీ. నా మొఖం తీస్కపోయి ఎవలికో పెట్టిండ్రు. సంతకం జేసుడు నాదే తప్పు."

నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. అసలు సంగతి ఇదన్నమాట. ఇక్కడి మనుషులు కావాలంటారు, ఇక్కడి రంగు మాత్రం వద్దంటారు. అమ్ముడుపోవాలి కదా. మర్నాడు ఉదయం బస్సెక్కి హైదరాబాదు వెళ్లాను. సంచిలో షరతులు రాసిన ఫారం ప్రతి, నా కలర్ చెకర్ అట్ట పెట్టుకున్నాను. అట్ట ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. వాళ్ల తెరమీద రంగు తప్పని అక్కడే నిరూపించాలనుకున్నాను.

వాళ్ల ఆఫీసులో మేఘన కూర్చోమంది. నేను నిలబడే అడిగాను. "ఆమెను తెల్లగా ఎవరు చేశారు?"

"ఎవరూ చేయలేదు సార్."

"అయితే తనంతట తానే తెల్లబడిందా?"

"మీరు పంపిన ఫోటోల నుంచి టెక్స్‌చర్ తీశాం. ఆటలోని ముఖానికి తొడిగే చర్మం అది. రంగు ముట్టుకోలేదు."

"రుజువు ఉందా?"

ఆమె నేను పంపిన మొదటి ఫోటో తెరిచింది. కొమురమ్మ గడ్డం కింద అట్ట పట్టుకుని ఉంది. నా చేతిలోని అట్ట ఇవ్వమని అడిగి, తెర పక్కన ఆనించి పట్టుకుంది. బూడిద రంగు గడులు రెండింటిలోనూ ఒకటే. నీలం ఒకటే. ఆకుపచ్చ ఒకటే.

"మొదటి గడి చూడండి సార్."

అట్ట మీద అది ముదురు గోధుమ. తెర మీద పాలు ఎక్కువైన టీ రంగు. ముదురు చర్మం గడి, లేత చర్మం గడి పక్కపక్కనే దాదాపు ఒక్కటైపోయాయి. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. నా కంప్యూటర్లో ఒక ప్రీసెట్ ఉంది. ముందే అమర్చి పెట్టుకున్న మార్పులను ప్రీసెట్ అంటాం. ఏ ఫోటో ఎక్కించినా దానంతట అదే పడుతుంది. చర్మపు గోధుమ ఛాయలను మాత్రం తెలుపు వైపు ఎత్తి, మచ్చలను మెత్తబరుస్తుంది. చీరను, గోడను, ఆకాశాన్ని ముట్టదు. దాన్ని పదకొండేళ్ల కింద నేనే చేసుకున్నాను. పెళ్లి ఆల్బం చూసిన ప్రతి ఇంటివాళ్లూ 'జర తెల్లగ చెయ్యి అన్న' అనేవారు. అడిగించుకోవడం ఎందుకని, అడగకముందే అయిపోయేలా పెట్టాను. తర్వాత అది ఉన్న సంగతే మరిచిపోయాను. డిసెంబరులో ఆ ముఖాలన్నిటినీ పెద్దవి చేసి చూసినప్పుడు సరిగా ఉన్నాయనిపించింది అందుకే. పదకొండేళ్లుగా నా కన్ను ఆ రంగునే మనిషి రంగు అనుకుంటోంది.

కుర్చీలో కూర్చున్నాను. మేఘన అట్ట తిరిగి ఇస్తూ, "మేమూ చూడలేదు సార్. అట్ట అందులోనే ఉంది. ఫోటోలు బాగున్నాయనుకున్నాం" అంది. తర్వాత తన చేతిని తెర పక్కన పెట్టి చూసుకుంది. ఆమె కూడా నలుపే.

రా ఫైళ్లు అడిగింది. తుడిచేశానని చెప్పాను. ఆట నమూనాను విదేశీ పంపిణీదారుకు పంపడానికి పన్నెండు రోజుల గడువే ఉంది. ఈలోగా మళ్లీ తీస్తే సరే. లేకపోతే ఇదే రంగుతో వెళ్లిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గోడ మీద విజయ ఫోటో చూశాను. ఆమె పదకొండో రోజుకు నేనే పెద్దది చేసి ఫ్రేము కట్టించాను. పెట్టినప్పటి నుంచీ ఆ ఫోటోలో ఏదో పరాయితనం ఉందనిపించేది. నేనే ఆమె ముఖం మరిచిపోతున్నాననుకునేవాణ్ని. రెండేళ్లు అలాగే అనుకున్నాను. ఇంటి ఫోటోలు ఉన్న డిస్కు వేరు, దాన్ని ఎప్పుడూ తుడవలేదు. ప్రీసెట్ పడని మూల ప్రతి తెరిచాను. విజయ చామనఛాయ కాదు, నలుపు. అందులో నాకు తెలిసిన మనిషి ఉంది. ప్రీసెట్ తీసేయడానికి నిమిషం పట్టలేదు.

మర్నాడు మొగుళ్లపల్లి వెళ్లాను. కొమురమ్మ మిరప కల్లం దగ్గర తాలు కాయలు ఏరుతోంది. నన్ను చూసి కూడా లేవలేదు.

"మళ్ల తీయాలె అక్కా."

"నీ దగ్గర మళ్ల ఎందుకు కూసోవాలె?"

"కంపెనోళ్ల తప్పు లేదు. తెల్లగ జేసింది నేనే. కావాలని చెయ్యలె. నా కంప్యూటర్ అందర్ని గట్లనే జేస్తది. నేనే గట్ల పెట్టుకున్న."

ఆమె చేతిలో కాయలు పక్కన పెట్టింది. "అందర్నా?"

"అందర్ని."

"మా బిడ్డ పెండ్లి ఆల్బం?"

"గది గూడ."

"గందుకేనా అందరు నేను మంచిగ వడ్డనన్నరు." చీర కొంగుతో చెమట తుడుచుకుంది. "అయితె గా ఆల్బంల ఉన్నది గూడ నేను గాదన్నట్టు."

"అవునక్కా" అన్నాను.

"సచ్చిపోయినోళ్ల ఫోటోలు జేస్తవు గద. ఫ్రేములు గట్టేటియి. వాళ్లను గూడ గిట్లనే జేస్తివా?"

"చేసిన అక్కా. నా భార్యను గూడ."

విజయ పోయిన సంగతి ఆమెకు తెలుసు. ఎండ బాగా ఉంది. కొమురమ్మ చీర దులుపుకుని లేచింది.

"నువ్వు గీ మాట చెప్పకుంటె కంపెనోళ్లే జేసిండ్రనుకుందును. వాళ్ల మీద వెట్టి ఊకుంటివంటె నాకేం తెలుస్తుండె?" అంది. తర్వాత, "కూసుంట. కని తీసినంక ఈడనే చూపియ్యాలె. నేను సూసినంకనే పంపాలె" అంది.

ఆ రోజు నుంచి మూడు రోజులు మొగుళ్లపల్లిలో, మరో రెండు రోజులు నర్సింహులపేటలో మళ్లీ తీశాను. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, ప్రతి మనిషికీ తన ఫోటోను అక్కడే చూపించాను. పక్కన అట్ట పెట్టి, మొదటి గడి కలిసిందో లేదో వాళ్లనే చూడమన్నాను. ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడామె తమను తెల్లగా చేయమని అడిగారు. వాళ్ల ముఖం వాళ్లది. కానీ ఈ పనికి కుదరదని చెప్పాను. ఒకతను లేచి వెళ్లిపోయాడు. వెళ్లనిచ్చాను. ఈసారి రా ఫైళ్లు తుడవలేదు. డిస్కు నేనే హైదరాబాదు తీసుకెళ్లి మేఘన చేతికి ఇచ్చాను.

గడువుకు ఒక రోజు ముందు కొత్త వీడియో వచ్చింది. ఈసారి దాన్ని కొమురమ్మకు చూపించాలంటే భయం వేసింది. చూపించాను.

సరోజన ముందు చూసింది. "అక్కో, గింత నల్లగనా? గీ ఫోటోల సారుకు చెప్పి జర తెల్లగ జేపియ్యరాదు?"

"ముయ్యే. నువ్వు రోజు సూసేది గీ మొఖమే గద. ఎన్నడన్న బెదిరినవా?"

బిడ్డకు పంపింది. అందరం ఎదురుచూశాం. ఫోను మోగింది.

"అమ్మా! గా పాతకాలం చీరేంది? చావడి ముంగట గట్ల కూసున్నవేంది? ఎవలు తీసిండ్రు?"

కొమురమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అవతలికి నడిచింది. ఏం మాట్లాడిందో మాకు వినబడలేదు.

ఆట మరుసటి ఏడాది విడుదలైంది. నేను ఆడలేదు, నాకు రాదు. కొమురమ్మ అల్లుడు ఆడి చెప్పాడు. ఆమె మీద కత్తి ఎత్తితే అది తిరిగి ఒరలోకి వెళ్లిపోతుందట. మేఘన మూడు షరతులూ నిలబెట్టుకుంది. ఆ సంగతి ఇక్కడ రాయకపోతే అన్యాయం. హీరో ముఖం మాత్రం మా మూడు జిల్లాల్లో ఎవరిదీ కాదు. అతని రంగు పాత నమూనాలోని గోధుమ రంగే. అడిగితే, తర్వాతి ఆటలో చూద్దామంది మేఘన. ఆ మాటను నేను ఇంకా నమ్మలేదు. నమ్మే రోజు వస్తే సంతోషిస్తాను.

ఈ పని నాకు నేర్పింది చిన్న సంగతే. నేను కాగితాన్ని అనుమానించాను, కంపెనీని అనుమానించాను, మేఘన మాటలను అనుమానించాను. అందులో కొంత అవసరమే. ఆ ఫారాన్ని ఇప్పుడు చూసినా అలాగే చదువుతాను. కానీ రోజూ చేసే పనిని, అలవాటుపడ్డ కన్నును ఒక్కసారి కూడా అనుమానించలేదు. కొమురమ్మ మాత్రం నన్ను మొదటి నుంచీ అనుమానించింది. ఆమె లెక్క తప్పలేదు.

ఇప్పుడు పెళ్లివాళ్లు అడిగితే, ఎంత మారుతుందో ముందు చూపించి, ఒప్పుకున్నాకే చేస్తాను. అడగకుండా చేయను. చనిపోయినవాళ్ల ఫోటోలకు మాత్రం, ఎవరు అడిగినా, మా స్టూడియోలో రంగు మార్చడం లేదు.